గొంతుల కొట్టు

రేపల్లెలో మా నాన్నకు మైకుసెట్ల కొట్టు ఉండేది. పెళ్లిళ్లకు, ఊరేగింపులకు, మీటింగులకు మైకులు అద్దెకిచ్చేవాడు. ఊళ్లో అందరికీ తెలిసింది మాత్రం ఆయన చేసే ఇంకో పని. రిక్షా మీద హారన్ స్పీకరు కట్టి, కాళ్ల దగ్గర బ్యాటరీ పెట్టుకుని, మైకు పట్టుకుని వీధి వీధీ తిరిగేవాడు. బట్టల షాపులో తగ్గింపు ధరలు, సినిమా హాల్లో మారిన ఆట, రెండు రోజులు మంచినీళ్లు రావన్న కబురు, ఫలానా పెద్దాయన కాలం చేశాడన్న కబురు, అన్నీ ఆయన నోటి నుంచే ఊరికి తెలిసేవి. చావు కబురు చెప్పేటప్పుడు ఆయన గొంతు ఒక మెట్టు దిగేది. మాటలు అర్థమయ్యేంత దగ్గరికి రిక్షా రాకముందే, ఆ తేడా విని ఆడవాళ్లు వంటింట్లోంచి వాకిట్లోకి వచ్చేవారు.

నాకు పదిహేడేళ్లప్పుడు ఆయన గొంతులో పుండు లేచింది. గుంటూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం, దానికి అడ్డంగా తెల్లటి గుడ్డతో ఇంటికొచ్చాడు. మాట్లాడటానికి వీలుగా ఒక పలక కొనిపెట్టాం. దాని మీద ఆయన మొదట రాసిన మాట నాకింకా గుర్తుంది. "మైకు తుడవండి."

నెల తిరక్కముందే బట్టల షాపు పెద్దాయన మా గుమ్మంలోకి వచ్చాడు. నాన్న మెడ మీది గుడ్డ చూసి చూపు తిప్పుకున్నాడు. తర్వాత అమ్మతో అన్నాడు, "ఆషాఢం సేలు పెట్టానమ్మా. ఈసారికి తెనాలి నుంచి ఎవర్నన్నా పిలిపించుకుంటాలే. ఆ మాట చెప్పి పోదామని వచ్చాను."

నాన్న పలక తీసుకుని రాసి ఆయనకు చూపించాడు. "అమ్మాయి చెబుద్ది."

పెద్దాయన నా వంక చూశాడు. నేను నాన్న వంక చూశాను. ఆ సంగతి అప్పటిదాకా నాక్కూడా తెలియదు.

మరునాడు రిక్షాలో నా పక్కనే నాన్న కూర్చున్నాడు. నేను చున్నీ తల మీదుగా కప్పుకున్నాను. స్టేషన్ రోడ్డులో మొదటిసారి మైకు ఆన్ చేసినప్పుడు హారన్‌లోంచి నా ఊపిరి చప్పుడే వచ్చింది. సైకిల్ మీద పోతున్నవాళ్లు ఆగి నవ్వారు. నాన్న తన అరచేతిని నా మోకాలి మీద పెట్టాడు. నేను తొందరపడితే అరచేతిని కిందికి నొక్కేవాడు. గొంతు తగ్గితే వేళ్లు పైకి ఎత్తేవాడు. ఒక మాట దగ్గర ఆగాల్సి వస్తే పిడికిలి బిగించేవాడు. ఆ సాయంత్రానికి నా గొంతు బొంగురుపోయింది. కానీ ఎక్కడ ఆగాలో, ఎక్కడ దిగాలో, ఏ మాటను సాగదీస్తే వీధి చివరి ఇంటిదాకా వెళ్తుందో ఆ చేయి నాకు నేర్పింది. నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోని చదువు అది.

మూడేళ్లు అలా తిరిగాం. కార్తీక పౌర్ణమికి పెనుమూడి రేవులో స్నానాలకు జనం విరగబడితే, తప్పిపోయిన పిల్లల గుర్తులు చెప్పే పని నాకిచ్చారు. ఎర్ర గౌను, కాలికి మువ్వలు, పేరు చెప్పలేకపోతోంది, తల్లిదండ్రులు ఎక్కడున్నా మైకు దగ్గరికి రావలెను. తల్లులు పరుగెత్తుకుంటూ వచ్చేవారు. నేను చెప్పిన మాట విని ఒక మనిషి పరుగెత్తి రావడం చూసినప్పుడు, ఈ పనిలోనే ఉండిపోతాననుకున్నాను. మా మేనత్త మాత్రం అమ్మతో, "బజార్న మైకులో అరిచే పిల్లను ఎవరు చేసుకుంటారు వదినా" అంది. ఆవిడ మాటే నిజమైంది. నన్నెవరూ చేసుకోలేదు. ఒకటి రెండు సంబంధాలు వచ్చినప్పుడు, పెళ్లయ్యాక మైకు మానేయాలన్నారు. నేనే వద్దన్నాను.

నాలుగో ఏడు నాన్న పోయాడు. ఆ కబురు నేనే చెప్పాను. గొంతు మెట్టు దించి, ఆయన నేర్పినట్టే, మూడు వార్డులు చెప్పుకుంటూ వచ్చి, మా వీధి మలుపు దగ్గర మైకు ఆపేశాను.

ఆ తర్వాత అమ్మను తీసుకుని తెనాలి వచ్చేశాను. కాలవ ఒడ్డున ఒక టైలరు షాపు పైన చిన్న గది అద్దెకు దొరికింది. గోడలకు పాత పరుపులు, కోడిగుడ్ల అట్టలు కొట్టి రికార్డింగు గది చేశాను. అప్పటికి రిక్షాలు పోయి ఆటోలు వచ్చాయి. మనిషి కూర్చుని చెప్పనక్కర్లేదు, ఒకసారి రికార్డు చేసి ఇస్తే ఆటో రోజంతా తిరుగుతుంది. మొదట క్యాసెట్లు, తర్వాత సీడీలు, ఆ తర్వాత పెన్‌డ్రైవులు. కొల్లిపర నుంచి ఎరువుల షాపువాళ్లు, వేమూరు నుంచి చిన్న చిన్న స్కూళ్లవాళ్లు, అందరూ నా మెట్లెక్కి వచ్చేవారు. ఒక ఆటో ఆయన మాత్రం రోజూ వచ్చేవాడు. నాన్న కంటే రెండు మూడేళ్లు చిన్న. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయన టీ తాగి, పెన్‌డ్రైవు జేబులో వేసుకుని, "ఇయ్యాల ఎవురి పెళ్లమ్మాయ్, ఎవురి చావు?" అని అడిగి వెళ్లేవాడు.

లోకల్ కేబుల్ ఛానల్ వాళ్లు సాయంత్రం వార్తలు చదవమని పిలిచారు. పదకొండేళ్లు చదివాను. కూరగాయల బజారులో వంకాయలు ఏరుకుంటూ ధర అడిగితే, కొట్టామె తల ఎత్తి, "వార్తలమ్మవి కదూ నువ్వు" అనేది. ముఖం చూసి కాదు, గొంతు విని. జనం కేబుల్ చూడటం మానేసి ఫోన్లు చూడటం మొదలుపెట్టాక ఆ ఛానల్ మూతబడింది. నేను అదే గదిలో ఫోన్లో వచ్చే ఛానల్ ఒకటి సొంతంగా పెట్టాను. తెనాలి, బాపట్ల, రేపల్లె వార్తలు. కష్టంలోంచి పైకొచ్చిన మహిళ అని ఎవరెవరో శాలువాలు కప్పారు.

అలా ఒకరోజు బాపట్లలో ఒక కాలేజీ వాళ్లు పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నాన్న గొంతు, పలక, మోకాలి మీద చేయి, అన్నీ చెప్పాను. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. తర్వాత ఇంకో కాలేజీ, ఇంకో కాలేజీ. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, పదోసారి చెప్పేటప్పటికి పలక దగ్గర ఎంతసేపు ఆగితే ముందు వరసలో కళ్లు తుడుచుకుంటారో నాకు తెలిసిపోయింది. మా నాన్న నేర్పిన ఆగడాన్ని ఆయన బాధ మీదే వాడుకున్నాను.

కథ చెప్పి రావడంతో సరిపెట్టలేక, బాపట్లలో ఒక ట్యుటోరియల్ వాళ్ల హాలు అడిగి ఆదివారాలు క్లాసు పెట్టాను. డిగ్రీ చదివే పిల్లలకు స్పష్టంగా మాట్లాడటం, వార్త చదవడం, ఇంటర్వ్యూలో భయపడకుండా కూర్చోవడం నేర్పడం. ముప్పై మందితో మొదలై పదకొండు మంది నిలబడ్డారు. అందులో ఒకమ్మాయి చీరాల వైపు నుంచి వచ్చేది. వాళ్ల నాన్నది మరమగ్గాల షెడ్డు పక్క ఇల్లు, ఆయన పని కూడా ఆ షెడ్డులోనే. ఆ పిల్ల నోరు తెరిస్తే కిటికీలు అదిరేవి. మిగతావాళ్లు నవ్వేవాళ్లు.

"ఎందుకమ్మా అంత గట్టిగా?" అన్నాను మొదటి వారం.

"మా ఇంట్లో అందరం ఇట్టానే మాట్లాడతాం మేడమ్. మగ్గాల చప్పుడులో వినపడాలి కదండీ" అంది.

రెండేళ్లు పట్టింది ఆ గొంతును కిందికి దించడానికి. నా అరచేయి ఆ పిల్ల మోకాలి మీద పెట్టి నొక్కేదాన్ని. ఒకరోజు వర్షం వార్త చదువుతుంటే, హాల్లో అందరూ నవ్వడం మర్చిపోయి విన్నారు. అలాంటి గొంతు నేను ముప్పై ఏళ్లలో వినలేదు. చెప్పే మాట మీద నమ్మకం పుట్టించే గొంతు. నా గొంతు కంటే మంచి గొంతు. ఆ మాట అప్పుడే ఆ పిల్లతో చెప్పాను.

క్లాసు బాగానే ఉంది, పని మాత్రం ఎక్కడా లేదు. వార్తలు చదివే కుర్చీలు జిల్లాకు ఎన్ని ఉంటాయి? అదివరకు పిల్లలకు పని గురించి చెప్పేటప్పుడు, ప్రయత్నిస్తే వచ్చుద్ది అనేదాన్ని. మూడో ఏడాదికి ఆ మాట అనేటప్పుడు వాళ్ల కళ్లలోకి చూడటం మానేశాను.

అప్పుడు హైదరాబాదు నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. మర్యాదస్తులు. చెప్పులు విప్పి నా గదిలోకి వచ్చి, పరుపుల గోడలు చూసి ముచ్చటపడ్డారు. వాళ్ల కంపెనీకి మంచి తెలుగు గొంతులు కావాలట. కంప్యూటర్లో వాక్యాలు కనిపిస్తాయి, ఒక్కొక్కటీ చదవాలి, వేల వాక్యాలు, నెల రోజుల పని. నా ఛానల్ చూసి, నా దగ్గర శిక్షణ పొందిన పిల్లలున్నారని తెలిసి వచ్చామన్నారు. నేను కూడా చదువుతానన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"వయసు ఇరవై ఐదు లోపు కావాలండి మాకు. మీది కొంచెం... అనుభవం ఉన్న గొంతు" అన్నాడు ఒకతను.

పిల్లలతో మాత్రం ఆ మాట చెప్పలేదు. అవకాశం మీకే రావాలని నేను తప్పుకున్నానని చెప్పాను. వాళ్లు నా కాళ్లకు దండం పెట్టబోయారు.

ఇంగ్లీషులో ఆరేడు పేజీల కాగితం ఇచ్చారు. అందరూ సంతకాలు చేశారు. చీరాల అమ్మాయి ఒక్కతే పెన్ను పట్టుకుని ఆగింది.

"మేడమ్, మనం చదివిందంతా ఏం చేస్తారు?"

"ఏదో యాప్ కోసమంటమ్మా. ఫోన్లో పెద్దవాళ్లకు చదివి వినిపించుద్దంట."

"మీరు చదివారా ఈ కాగితం?"

"చూశాను" అన్నాను. చూడటం నిజమే. చదవలేదు. పదకొండు మందికీ ఒకేసారి పని దొరికిన సంతోషంలో చదవాలని కూడా అనిపించలేదు. ఆ పిల్ల సంతకం పెట్టింది, కింద సాక్షిగా నేనూ పెట్టాను.

ఆ నెల నా గది కళకళలాడింది. మెట్ల మీద వరసగా కూర్చుని, ఎవరి వంతు వస్తే వాళ్లు లోపలికి వెళ్లి చదివేవాళ్లు. "దయచేసి వేచి ఉండండి. మీ సమయానికి ధన్యవాదాలు. ఈ రోజు వాతావరణం పొడిగా ఉంటుంది." నవ్వుతూ చదివే వాక్యాలు, ఏడుపు గొంతుతో చదివే వాక్యాలు, కోపంగా చదివేవి కూడా ఉండేవి. చీరాల అమ్మాయిని ఇంకో పది రోజులు అదనంగా చదివించుకున్నారు. అందరినీ నిలబెట్టి ఫోటో తీసి నా ఛానల్లో పెట్టాను. అది చూసిన ఇంకో ఛానల్ వాళ్లు విజయవాడ పిలిపించి ఆ అమ్మాయికి వార్తలు చదివే ఉద్యోగం ఇచ్చారు. వాళ్ల నాన్న తను నేసిన తువ్వాలు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టి, "మా పిల్లకి గొంతిచ్చారమ్మా మీరు" అన్నాడు. ఆయన గొంతు కూడా గట్టిదే. కింద టైలరు మిషను ఆపి పైకి చూశాడు.

ఏడాది గడిచింది. మొదట పెళ్లివాళ్లు రావడం తగ్గించారు. తర్వాత షాపులవాళ్లు. బాబాయ్ కూడా రెండు వారాలు కనిపించలేదు. ఒకరోజు మధ్యాహ్నం గాంధీచౌక్ దగ్గర ఆటోలో కూర్చుని ఉంటే నేనే వెళ్లి పలకరించాను.

"ఏంటి బాబాయ్, మెట్లెక్కడం మానేశావు?"

ఆయన కాస్త ఇబ్బంది పడ్డాడు. తర్వాత ఫోన్ తీసి చూపించాడు. "మా మనవడు ఎక్కించాడమ్మాయ్. ఇందులో రాస్తే అదే చెబుద్ది. విను." ఏదో నొక్కాడు.

తగ్గింపు ధరల గురించి ఫోన్ మాట్లాడింది. నాకు మొదటి వాక్యంలోనే తెలిసింది. ఆగిన చోటు నాది. మెట్టు దిగిన చోటు నాన్నది. గొంతు చీరాల అమ్మాయిది.

"ముద్దుగా చెబుతంది కదా?" అన్నాడు బాబాయ్. ఆయన తప్పేం లేదు. బాగుందనే చెప్పి వచ్చేశాను.

నెల తర్వాత ఆ అమ్మాయి తెనాలి వచ్చింది. విజయవాడ ఛానల్లో వార్తలు ఇప్పుడు కంప్యూటర్ బొమ్మ చదువుతోందట, తనతో కలిపి ఇద్దర్ని తీసేశారట. నా గదిలో స్టూలు మీద కూర్చుని, అలవాటు లేని చిన్న గొంతుతో చెప్పింది.

"మా వీధిలోకి ఆటో వచ్చిందంట మేడమ్. నాన్న మగ్గం ఆపి బయటికొచ్చాడంట, నేనే వచ్చాననుకుని. ఆటో ఎనకాల చివరిదాకా పోయి చూసొచ్చాడంట."

నేను గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆ పిల్ల ముందు పెట్టాను.

"మా నాన్నకి ఎట్టా చెప్పాలో తెలియలేదండి. అది నేను కాదు అంటే, నీ గొంతే కదమ్మా అంటాడు."

గ్లాసు చేతిలోకి తీసుకుని అడిగింది. "మాతో పాటు మీరెందుకు ఆ వాక్యాలు చదవలేదు మేడమ్ ఆ రోజుల్లో?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల ముందు నిలబడలేదు. "నేనూ అడిగానమ్మా. నా గొంతు వద్దన్నారు" అన్నాను.

ఆ పిల్ల నా వంక చూసింది. కోపం చేసుకుంటే బాగుండేది. లేచి, నీళ్లు తాగి, "బస్సుకి టైమవుతుందండి" అని మెట్లు దిగిపోయింది. అప్పటి నుంచి ఫోన్ చేస్తే ఎత్తదు. బాపట్లలో ఒక మందుల షాపులో చేరిందని మిగతావాళ్లు చెప్పారు. ఒకసారి ఆ షాపు ముందు నిలబడ్డాను. చీటీ తీసుకుని మందులిచ్చి, అడిగినవాటికి తల ఊపి సరిపెడుతోంది. లోపలికి వెళ్లే ధైర్యం చాలక బస్టాండు వైపు నడిచాను.

ఆ కుర్రాళ్ల నంబర్లు రెండూ పనిచేయలేదు. కాగితం తీసుకుని తెనాలి కోర్టు దగ్గర ఒక లాయరు గారిని కలిశాను. ఆయన కళ్లజోడు సవరించుకుని ఆరేడు పేజీలూ ఓపిగ్గా చదివాడు. "ఎప్పటికీ, ఎక్కడైనా, ఎట్టా కావాలంటే అట్టా వాడుకోవచ్చని రాసుందమ్మా. అందరి సంతకాలూ ఉన్నాయి. సాక్షి సంతకం మీదే" అన్నాడు. "ముందే ఎవరికన్నా చూపించాల్సింది." ఆ సలహాకు ఆయన ఫీజు కూడా తీసుకోలేదు.

మిగిలిన పదిమందిలో ఒకడు రేపల్లెలో వాళ్ల మామయ్య రొయ్యల చెరువుల దగ్గర ఉన్నాడు. ఇద్దరు బెంగళూరు వెళ్లారు. మిగతావాళ్లు ఇంట్లోనే ఉన్నారు, ఎప్పుడైనా ఫోన్ చేస్తే ఏమైనా పని ఉందా మేడమ్ అని అడుగుతారు. నన్నెవరూ నిందించలేదు. వాళ్ల తల్లిదండ్రులు ఇప్పటికీ ఎక్కడైనా కనబడితే నమస్కారం పెడతారు. ఆ నమస్కారాన్ని తీసుకోవడమే నాకు కష్టంగా ఉంది. ఛానల్ పేరుకి నడుస్తోంది. అమ్మ అప్పుడప్పుడు, "రేపల్లె పోదామా?" అంటుంది. అక్కడ మా కొట్టు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉంది.

పోయిన నెల బాపట్లలో మొదటిసారి పిలిచిన ఆ కాలేజీ వాళ్లే మళ్లీ పిలిచారు. వెళ్లకూడదనుకుని వెళ్లాను. ఈసారి నాన్న పలక గురించి చెప్పలేదు. పదకొండు మంది గొంతుల సంగతి మొదటి నుంచీ చివరిదాకా చెప్పాను. నేను చదవని కాగితం గురించి, నేను చెప్పిన అబద్ధం గురించి కూడా చెప్పాను. ఏ కాగితమైనా చదివి సంతకం చేయండి, తెలియకపోతే తెలిసినవాళ్లకు చూపించండి అన్నాను. చప్పట్లు లేవు. అందరూ శ్రద్ధగా విన్నట్టే ఉన్నారు. మనసులో ఎక్కడో, ఇది వీళ్లకైనా పనికొస్తుందనుకున్నాను.

ప్రశ్నలుంటే అడగమని లెక్చరరు గారు చెప్పారు. వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది.

"మేడమ్, ఆ కంపెనీ వాళ్లు ఇంకా గొంతులు తీసుకుంటున్నారా అండి?"

ఎవరూ నవ్వలేదు. హాల్లో అందరూ నా జవాబు కోసం చూశారు, ఇప్పటిదాకా చెప్పినదాని కంటే ఎక్కువ శ్రద్ధగా.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

నేను మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయి, ఇంకో నలుగురు ఎదురొచ్చారు. నోటుబుక్కులోంచి చించిన కాగితం మీద అయిదు పేర్లు, అయిదు ఫోన్ నంబర్లు రాసి ఉన్నాయి. "ఎప్పుడైనా వాళ్లు మళ్లీ వస్తే మాకొకసారి చెప్పండి మేడమ్. కాగితం చదివే సంతకం పెడతాం" అంది. అంత మర్యాదగా, అంత ఆశగా అడిగితే వద్దని ఎట్లా అనను? కాగితం తీసుకుని సంచిలో పెట్టుకుని, తెనాలి బండి కోసం స్టేషన్‌కి నడిచాను.